జలధికేసరి దోషాల పుట

చిత్రవరం సంస్థానం వారి యుద్ధనౌక జలధికేసరి ఇరవైఏడేళ్ళు కొలువు చేసింది. అన్నేళ్ళలో దాని పలక ఒక్కటి పగల్లేదు, తెరచాప ఒక్కటి చిరగలేదు, దాని మీద ఒక్క ప్రాణం పోలేదు. ఇంత మచ్చలేని యుద్ధనౌక తూర్పు తీరంలో మరొకటి లేదని నౌకా కచేరీ వారు చెప్పుకునేవారు. అందులో అబద్ధం ఏమీ లేదు. అన్నేళ్ళలో అది సముద్రం మీద ప్రయాణం చేసింది రెండంటే రెండు రోజులు.

ఆ రెండు రోజులూ దాని చుక్కాని పట్టినవాడు మైలపల్లి ఎల్లాజీ. అప్పుడు వాడికి ఇరవైమూడేళ్ళు. కోరంగిలో కట్టించిన ఓడని చిత్రవరం రేవుకి తెచ్చే పని వాడికి అప్పజెప్పారు. మూడు తెరచాప కొయ్యలు, ముప్పైరెండు ఫిరంగులు. ఫ్రిగేటు అంటారు దొరలు ఆ రకాన్ని. పెద్ద యుద్ధనౌకల కంటే చిన్నది, వాటి కంటే జోరుగా పరుగెత్తేది. జలధికేసరి అని పిలవడానికి రేవు పక్క పల్లెలో ఎవరికీ నోరు తిరక్క, కేసరమ్మ అన్నారు. దారిలో గాలి నిండి కేసరమ్మ ఒక పక్కకి ఒరిగి పరుగెత్తుతుంటే, చుక్కాని కర్రలోంచి ఒక వణుకు ఎల్లాజీ చేతుల్లోకి ఎక్కింది. ఆ వణుకుని వాడు జన్మలో మరిచిపోలేదు. రేవులో దిగగానే వాడిని ఓడ నడిపే సరంగుని చేశారు. ఇక రోజూ ఇదే కదా పని అనుకుని వాడు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, పాపం.

ఇక్కడ పుస్తకం సంగతి చెప్పాలి. ఓడ చరిత్ర రాయడానికి కచేరీలో ఎర్రగుడ్డ అట్ట వేసిన పుస్తకం ఒకటి పెట్టారు. ఎడమ పుట మీద ఘనతలు, కుడి పుట మీద దోషాలు. రాసేది రాయసం సోమయాజులు గారు. ఏటేటా విజయదశమి దర్బారులో మిగతా శాఖల పుస్తకాలతో పాటు అదీ రాజావారి ముందు తెరుస్తారు. రాజావారికి అక్షరం చూస్తే తలనొప్పి. అందుకని ఎడమ పుట జోలికి పోరు. కుడి పుట ఖాళీగా ఉందా లేదా అన్నది ఒక్క చూపులో తేలిపోతుంది గనక అదే చూస్తారు. ఖాళీగా ఉంటే ఆ శాఖాధికారికి శాలువా.

మొదటి ఏడు కుడి పుట మీద ఒక్క గీత ఉంది. “దారిలో గాలికి ఒక మోకు తెగెను.” ఆ ఏటి శాలువా గజశాల అధికారికి పోయింది. ఏనుగులకి మోకులుండవు కదా.

నౌకాధ్యక్షులు జగ్గరాజు గారికి తల తీసేసినట్టయింది. మూడు రోజులు భోజనం సయించలేదు. నాలుగో రోజు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఒక తాఖీదు చెప్పి రాయించారు. ఇకమీదట ఏ దోషమైనా ఎవరి మూలంగా పుస్తకానికి ఎక్కుతుందో, వాడు జన్మలో ఆ ఓడని తాకకూడదు. ఓడ లంగరు తియ్యాలంటే, ఏ నష్టమూ జరగదని సరంగు ముందుగా పూచీ రాసివ్వాలి.

ఎల్లాజీ కచేరీకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“బాబయ్య గోరూ, పూచీ అంటే నానేటి సెప్పగలను. మోకు తెగడం, నిలవడం గాలి సేతిలో ఉన్నాది. నా సేతిలో నేదు.”

“అటులైన గాలి చేత పూచీ వ్రాయించి తెమ్ము” అన్నారు జగ్గరాజు గారు. “కచేరీకి వ్యక్తులతో నిమిత్తము లేదు. పత్రముతోనే నిమిత్తము.”

ఎల్లాజీ ఆయన మొహం చూశాడు. వేళాకోళం కాదు. గాలి చేత వేలిముద్ర వేయించే మార్గం తెలియక వాడు తిరిగి వచ్చేశాడు. కేసరమ్మ లంగరు మీదే ఉండిపోయింది. రెండో ఏడు కుడి పుట తెల్లగా ఉంది, జగ్గరాజు గారికి శాలువా వచ్చింది. ఆ శాలువా భుజాన పడ్డ క్షణం నుంచీ ఆయనకి నౌకాశాస్త్రం మొత్తం బోధపడిపోయింది. ఓడకి జరిగే నష్టాలన్నీ వాడడం వల్ల జరిగేవే.

మూడో ఏడు తెరచాపలు ఎండకి వెలిసిపోతున్నాయని దింపించి మడతపెట్టించారు. ఊరికే పడి ఉండటం ఎందుకని విజయదశమి దర్బారుకి పందిరి కట్టించారు. పిడుగు పడే ప్రమాదం ఉందని అయిదో ఏడు తెరచాప కొయ్యలు దింపించారు. అవి కచేరీ వసారాకి స్తంభాలయ్యాయి. ఆ వసారా ఎంత అందంగా అమరిందో చూడటానికి పక్క సంస్థానం వాళ్ళు కూడా వచ్చారు.

ఫిరంగులది మరో చిక్కు. పేలిస్తే మసి పడుతుంది, మసి దోషం. పేల్చకపోతే అది యుద్ధనౌక ఎలా అవుతుంది. జగ్గరాజు గారు వారం రోజులు ఆలోచించి, ఫిరంగులని నోటితో పేల్చమన్నారు. ఫిరంగులు కాల్చే గోలందాజు సూరాడ దానయ్యకి ఎక్కడో పాత యుద్ధంలో ఒక కాలు పోయింది గానీ గొంతు మాత్రం నిక్షేపంగా ఉంది. రోజూ పొద్దున్నే ఒంటికాలి మీద నిలబడి ముప్పైరెండు సార్లు “ఢాం” అనేవాడు. ఎడమ పుట మీద సోమయాజులు గారు “నేడు ముప్పైరెండు ఫిరంగులు నిర్దోషముగా ప్రేలెను” అని రాసేవారు. ఒకనాడు దానయ్యకి జలుబు చేసి పదిహేడో ఢాం మధ్యలో దగ్గు వచ్చింది. అది ఫిరంగి పగిలినట్టా కాదా అన్న దాని మీద కచేరీలో మూడు రోజులు చర్చ జరిగింది. చివరికి దగ్గుని సముద్రపు హోరు కింద జమకట్టారు.

పదహారో ఏట పండితుడు ఒకాయన వచ్చి, ఉప్పునీళ్ళలో ఒక రకం పురుగు ఉంటుందనీ, అది ఓడ అడుగు తొలిచేస్తుందనీ చెప్పి, సన్మానం చేయించుకుని వెళ్ళాడు. అంతే. ఓడకి సముద్రమే పెద్ద దోషమని తాఖీదు వచ్చింది. మూడువందల మంది మనుషులూ, ఆరు ఏనుగులూ, అడుగున తాటి దుంగలూ పెట్టి కేసరమ్మని ఒడ్డుకి లాగారు. అలలకి నూట ఇరవై గజాల దూరంలో కొయ్య దిమ్మల మీద నిలబెట్టి, పైన తాటాకుల పాక వేశారు.

లాగిన నాడు ఎల్లాజీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. వాడి పెళ్ళాం చిలకమ్మ కాసేపు చూసి అంది.

“సెప్పకూడదేటి, అది పాడు పనని?”

“సెప్తే దోషం నా పేరున రాస్తారు. మరి దాన్ని ముట్టుకోనివ్వరే.”

“ముట్టుకుని ఏటి సేస్తావు, నేల మీద ఉన్నదాన్ని?”

ఎల్లాజీ కంచం పక్కకి జరిపాడు. వాడికి తెలుసు. నేల మీదకి ఎక్కిన ఓడ పలకలు ఎండకి ఎండి, ముడుచుకుని, సందులు విడిపోతాయి. ఏటా ఆ సందుల్లో కొబ్బరి నార దూర్చి, గుగ్గిలం కరిగించి దట్టించకపోతే, నాలుగేళ్ళకి అది ఓడ కాదు, చిల్లుల బుట్ట. అలా దట్టించాలంటే సుత్తి పట్టాలి. సుత్తి దెబ్బ దోషం.

వాడు ఒక ఉపాయం చేశాడు. ఓడకి నిత్యం ధూపం వెయ్యాలని, పెద్దల కాలం నుంచీ అది ఆచారమని విన్నవించుకున్నాడు. జగ్గరాజు గారు ముచ్చటపడ్డారు. నెలకి అర మణుగు గుగ్గిలం మంజూరైంది. వాడు పొద్దున పాక ముందు చిటికెడు ధూపం వేసేవాడు. మిగతాదంతా మధ్యాహ్నం కావలివాడు కునుకు తీసేవేళ, అడుగున దూరి, కొయ్య సుత్తికి గుడ్డ చుట్టుకుని, సందు సందుకీ దట్టించేవాడు. పదకొండేళ్ళు ఆ పని చేశాడు. పట్టుబడితే కేసరమ్మని మళ్ళీ చూడనివ్వరని తెలిసే చేశాడు. ఎందుకు చేస్తున్నావు, అది నీళ్ళు మళ్ళీ ఎప్పుడు చూస్తుంది అని తనని తనే అడుక్కున్నప్పుడల్లా, కింద నుంచే చుక్కాని మీద చెయ్యి వేసి ఒక నిమిషం నిలబడి వచ్చేసేవాడు.

సోమయాజులు గారికి ఈ సంగతి తెలుసా అంటే, తెలుసుననే చెప్పాలి. ఒకసారి ఆయన ఓడ పక్కన వాసన చూసి, “ఏమోయ్ ఎల్లాజీ, ఈ ధూపం వేళ్ళకి కూడా అంటుకుంటుందా?” అని అడిగారు. “అంటుకుంటాది పంతులు గోరూ” అన్నాడు వాడు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఇంతలో ఓడ నేల మీదకి వచ్చింది గదా అని ఓడవాళ్ళ పని మానేస్తే అది క్రమశిక్షణ అవుతుందా. సముద్రం మీద ఉన్న ఓడలో రోజుకి మూడుసార్లు సీసపు గుండు కట్టిన తాడు వదిలి నీటి లోతు కొలవాలని విధి. కనుక రోజుకి మూడుసార్లు తాడు వదిలేవారు. గుండు ఇసకలో ‘తుప్’ మని పడేది. కొలిచేవాడు “శూన్యం” అని అరిచేవాడు. సోమయాజులు గారు “లోతు: శూన్యము” అని రాసేవారు. పదకొండేళ్ళలో ఇలా పన్నెండు వేల శూన్యాలు అయ్యాయి.

తరవాత కాళ్ళ సంగతి వచ్చింది. మనుషులు నడిస్తే పైబల్లలు అరుగుతున్నాయని కచేరీ కనిపెట్టింది. చెప్పులు మాన్పించారు. చెమట కాళ్ళు మాన్పించారు. చివరికి కాళ్ళే మాన్పించారు. చీటీ లేకుండా ఓడ మీద పెట్టిన ప్రతి పాదమూ ఒక దోషమని తాఖీదు. చీటీ మీద జగ్గరాజు గారి సంతకం ఉండాలి, ఆయన ఎవరికీ సంతకం పెట్టరు. మరి కవాతు ఎక్కడ చెయ్యాలి? ఓడ పక్కన ఇసక మీద సున్నపు పొడితో ఓడంత ముగ్గు వేసి, అందులో చెయ్యమన్నారు. ముగ్గు వేసే పని సరంగు పెళ్ళానికి పడింది. చిలకమ్మ రోజూ తెల్లారగానే ముక్కు దగ్గర మొదలెట్టి, చుక్కాని దాకా గీసేది. ఓడవాళ్ళు అందులో నిలబడి లేని మోకులు లాగేవాళ్ళు. ముగ్గు గీత దాటి కాలు బయట పెట్టినవాడు సముద్రంలో పడ్డట్టు లెక్క. వాడిని మిగతావాళ్ళు పైకి లాగాలి.

“నాను గీసిన ఓడే నయం. వానొస్తే కరిగిపోయినా అడిగేవోడు నేడు” అనేది చిలకమ్మ.

కుడి పుట తెల్లగా ఉంది. జగ్గరాజు గారికి ఇరవైఆరు శాలువాలు అయ్యాయి.

ఇరవైఏడో ఏట కార్తీక మాసంలో గాలి పట్టుకుంది. తెల్లారేసరికి ఆకాశం బూడిద రంగు, సముద్రం అదే రంగు, రెంటికీ మధ్య గీత లేదు. చిలకమ్మ ముగ్గు వెయ్యడానికి వస్తే సున్నం చేతిలోంచే ఎగిరిపోయింది. సోమయాజులు గారు మాత్రం గొడుగు విరిగినా సరే పుస్తకం చంకన పెట్టుకుని, నిచ్చెన మెట్టు మీద కూర్చున్నారు. పొద్దుటి లోతు కొలవాలి గదా.

కొలిచేవాడు నిచ్చెన పై మెట్టు నుంచి తాడు వదిలాడు. ‘తుప్’ మనలేదు. వాడు తాడు పైకి లాగి చూశాడు. మళ్ళీ వదిలాడు.

“పంతులు గోరూ, మూరెడు” అన్నాడు.

“ఏం మూరెడు?”

“నీళ్ళండి.”

సోమయాజులు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. పన్నెండు వేల శూన్యాలు రాసిన చెయ్యి, సున్నా చుట్టడానికి పోయి ఆగింది. ఆయన “మూరెడు” అని రాశారు. సిరా ఆరేలోగా “తొడ లోతు” అన్నాడు కొలిచేవాడు.

ఎల్లాజీ సముద్రం వైపు చూశాడు. వచ్చేది అల కాదు. సముద్రం లేచి నడిచి వస్తోంది. ఉప్పెన. పల్లె మొత్తం ఇసక దిబ్బ వెనక పల్లంలో ఉంది. “దానయ్యా, పేల్చు” అన్నాడు.

దానయ్యకి ఇంక చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా నోటితో ఫిరంగులు పేల్చిన గొంతు అది. ఆ గాలిలో, ఆ వానలో, పల్లె చివరింటి దాకా వినిపించింది. ఢాం, ఢాం. జనం బయటికొచ్చి చూశారు. నీళ్ళు చూశారు. పిల్లల్ని భుజాన వేసుకుని, ముసలాళ్ళని లాక్కుంటూ పాక వైపు పరుగెత్తుకొచ్చారు.

కావలివాడు నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డాడు. “చీటీ” అన్నాడు. వాడి తప్పు లేదు, ఏళ్ళ తరబడి వాడు అనేది ఆ ఒక్క మాటే. నీళ్ళు వాడి నడుం దాకా ఉన్నాయి.

“ఎల్లాజీ” అన్నారు సోమయాజులు గారు. “ఒక్కొక్క పాదం ఒక్కొక్క దోషం. నీ పేరునే పడతాయి. ఓడని నువ్వు మళ్ళీ ముట్టుకోలేవు.”

ఎల్లాజీ ఒకసారి కేసరమ్మని చూశాడు. పదకొండేళ్ళు దాచుకున్నదంతా పోతుందని తెలిసింది. ఏడుపొచ్చింది వాడికి.

“రాసుకోండి పంతులు గోరూ. నా పేరునే రాసుకోండి” అని, కావలివాణ్ణి చంక కింద చెయ్యి వేసి ఎత్తి, ముందు వాణ్ణే ఓడ మీదకి విసిరేశాడు.

జనం ఎక్కారు. సోమయాజులు గారు ఎక్కారు. చిలకమ్మ కోళ్ళ గంపతో ఎక్కింది. నీళ్ళు దిమ్మల్ని కప్పేశాయి, ఓడ అడుగుని పట్టుకున్నాయి. పైన తాటాకుల పాక ఎగిరిపోయింది. ఎల్లాజీ చుక్కాని కర్ర పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. సందులు నిలుస్తాయా లేదా అన్నది ఒక్కటే ఆలోచన. ఒక్క చోట నార వదులైనా నాలుగువందల మంది పోతారు.

కేసరమ్మ మూలిగింది. ఊగింది. లేచింది.

చుక్కాని కర్రలోంచి ఆ వణుకు వాడి చేతుల్లోకి ఎక్కింది. ఇరవైఏడేళ్ళ కిందటిదే. ఎల్లాజీ పసిపిల్లాడిలా ఏడ్చాడు, వానలో ఎవరికీ కనబడలేదు. అడుక్కి దిగి చూసొచ్చినవాడు, “సరంగు మావా, సుక్క నీరు నేదు” అన్నాడు.

కొయ్యలు లేవు, చాపలు లేవు, ఉన్నది చుక్కాని ఒక్కటే. ఉప్పెన ఎటు తోస్తే అటు పోవాలి. కొబ్బరి చెట్ల తలకాయల మధ్య నుంచి, మునిగిన పల్లె మీద నుంచి, తాలూకా బాట మీద నుంచి, వాడు కేసరమ్మని దేనికీ తగలకుండా నడిపించాడు. మధ్యాహ్నానికి ఊళ్ళోకి వచ్చారు. అక్కడ రెండంతస్తుల మేడ మీద, పై డాబా మీద, శాలువాల మూటతో జగ్గరాజు గారు నిలబడి ఉన్నారు. నీళ్ళు డాబా అంచుని నాకుతున్నాయి.

ఓడ పక్కకి రాగానే ఆయన మొదట అన్నమాట, “ఓడ ఇచ్చట ఎందుకున్నది?”

“ఎక్కండి బాబయ్య గోరూ, అవతల సెప్తాను.”

జగ్గరాజు గారు కాలెత్తి, ఆగిపోయారు. “నా వద్ద చీటీ లేదు” అన్నారు.

ఎవరూ నవ్వలేదు. సోమయాజులు గారు పుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపి, వాన తగలకుండా కడుపుకి ఆన్చి, చీటీ రాసి అందించారు. జగ్గరాజు గారు చదువుకుని, ఒక అక్షరం దిద్ది, తన చీటీ మీద తనే సంతకం పెట్టి, తేదీ వేసి, ఓడ ఎక్కారు. ఎక్కాక ఆయన చేతిలోంచి మూట చిలకమ్మ లాక్కుంది.

“అవి సంస్థాన గౌరవములు” అన్నారాయన.

“పిల్లలు వణికిపోతన్నారు బాబూ” అని, ఇరవైఆరు శాలువాలూ బిడ్డకొకటి చొప్పున చుట్టేసింది.

మర్నాటికి నీళ్ళు తీశాయి. కేసరమ్మ కచేరీ పక్కన పారే గెడ్డ ఒడ్డున బురదలో దిగింది. పల్లెలో ఒక్క ఇల్లు మిగల్లేదు, ఒక్క పడవ మిగల్లేదు. మనుషులందరూ మిగిలారు.

పదో రోజున విచారణ పెట్టారు. రాజావారు స్వయంగా వేంచేశారు. ప్రశ్నలడగడానికి జగ్గరాజు గారు కొత్త తలపాగాతో వచ్చారు. ఎల్లాజీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఓడ తన స్థానము నుండి క్రోసున్నర దూరము కదలినది. కదలుటకు అనుమతి ఎవరిచ్చిరి?”

“నీళ్ళొచ్చినాయి బాబయ్యా.”

“నీళ్ళకు అనుమతి ఎవరిచ్చిరి?”

ఎల్లాజీ ఆకాశం వైపు వేలు చూపించాడు.

“నూట ఇరువది గజముల లోపలికి సముద్రము రాకూడదని కచేరీ తాఖీదు కలదు. ఆ తాఖీదును సముద్రము దగ్గర చదివి వినిపించితివా?”

“సదవలేదండి. నాకు సదువు రాదు.”

“సరంగు నేరము నొప్పుకొనినాడు. వ్రాయుము.”

సోమయాజులు గారు కలం ఆపి, దగ్గి, చిన్న గొంతుతో విన్నవించారు. “చిత్తం. తమరు గాక నాలుగువందల పన్నెండు మంది ప్రాణాలు దక్కాయి. అది ఎడమ పుట మీద రాయవచ్చునేమో.”

జగ్గరాజు గారు ఆయన్ని జాలిగా చూశారు. “జనరక్షణము యుద్ధనౌక విధులలో లేదు. శత్రు సంహారమున్నది. ఆ నాడు శత్రువెవరైన చచ్చెనా? లేదు. మరి ఎక్కిన వారికి చీటీలున్నవా?”

“తమరికి ఒక్కరికే ఉంది.”

“కావున మిగిలిన వారి పాదములను లెక్కింపుము.”

లెక్కించారు. ఎనిమిదివందల ఇరవైమూడు. దానయ్యకి ఒక్కటే కాలు గదా. సోమయాజులు గారు తన రెండు పాదాలూ తనే రాసుకోవాల్సి వచ్చింది. ఒక్కొక్క దోషానికి ఒక్కొక్క గీత. కుడి పుట నిండిపోయింది. తరవాతి కుడి పుట నిండింది. అవి పూర్తయ్యాక ఉప్పునీరు తగలడం, బురద అంటడం, కోళ్ళ గంప కింద మరక. రాజావారు జన్మలో మొదటిసారిగా అన్ని గీతలు చూడవలసి వచ్చింది. మధ్యాహ్నమైంది. తలనొప్పి వచ్చింది.

“ఈ పాడు ఓడ నా సంస్థానంలో ఉండకూడదు” అన్నారు.

రాజావారి నోట వచ్చిన మాటని హుకుంగా మలచడం జగ్గరాజు గారి పని. ఆయన లేచి నిలబడి చెప్పసాగారు. “జలధికేసరి దుష్ప్రవర్తన కారణముగా చిత్రవరం నేల మీద నుండి బహిష్కరింపబడినది. నేల కానిది సముద్రమొక్కటే గనుక, సముద్రములోనికి వెడలగొట్టవలెను. మరల తిరిగి రాకుండునట్లు చేయవలెను.”

ఎల్లాజీ తల ఎత్తాడు.

“దోషయుక్తమైన ఓడ తాలూకు వస్తువేదియు కచేరీలో నుండరాదు. ఆ దోషము మనకు అంటును. వసారా స్తంభములు పెరికి ఇచ్చివేయుడు. పందిరి గుడ్డలును ఇచ్చివేయుడు.”

“తోలుకుపోయేది ఎవరో” అన్నారు సోమయాజులు గారు, పుస్తకంలోంచి తలెత్తకుండా. “నిర్దోషులెవరూ ఆ ఓడని తాకరు. సరంగు తాకకూడదని తాఖీదు.”

జగ్గరాజు గారు తలపాగా సర్దుకున్నారు. “నిజమే. ఒక పని చేయుదము. సరంగును కూడ బహిష్కరింపుదము. నేల మీది తాఖీదులు నేల మీది వారికే గదా. వాడు ఆ ఓడతో పోవలెను. వానితో కలిసి పాదము మోపిన వారందరు పోవచ్చును.” రాజావారు ధర్మప్రభువులు గనక వారి తరఫున ఎల్లాజీని అడిగారు, “క్షమాభిక్ష కోరుకొందువా?”

ఎల్లాజీకి నవ్వు తన్నుకొచ్చింది. పళ్ళు బిగపట్టి తల దించుకున్నాడు.

“వద్దు బాబయ్య గోరూ. సేసిన తప్పుకి సిచ్చ పడాల.”

రాజావారు వాడి వినయానికి మెచ్చుకున్నారు.

కచేరీ వసారా స్తంభాలు పీకితే పైకప్పు ఒక పక్కకి ఒరిగింది. వెదురు కర్రలు ఆసరా పెట్టారు. పల్లెలో మిగిలిన చేతులన్నీ కలిసి కొయ్యలు నిలబెట్టి, పందిరి గుడ్డల మీది కుంకం మరకలు ఉతికి, చాపలు కట్టాయి. తాటి దుంగల మీద కేసరమ్మని మళ్ళీ సముద్రం దాకా లాగారు. ఈసారి ఏనుగుల్ని ఎవరూ ఇవ్వలేదు, ఈసారి ఎవరికీ బరువనిపించలేదు. ఇళ్ళూ పడవలూ పోయిన పల్లె అది. ఫిరంగులు దింపేసి, ఆ చోట వలలూ, కుండలూ, బియ్యం బస్తాలూ సర్దుకుంది.

బయల్దేరేనాడు సోమయాజులు గారు ఒడ్డుకి వచ్చారు. చంకలో పుస్తకం ఉంది.

“ఆఖరి మాట రాసి మూసెయ్యమన్నారు” అన్నారు.

“ఏటి రాసినారు, సదవండి పంతులు గోరూ.”

ఆయన తెరిచి చదివారు. “కార్తీక బహుళ ద్వాదశి నాడు జలధికేసరి సముద్రములోనికి పోయినది.”

“ఏ పక్క రాసినారు?”

ఎల్లాజీకి చదువు రాకపోయినా ఎడమ ఏదో కుడి ఏదో తెలుసు. సోమయాజులు గారు పుస్తకం తిప్పి చూపించారు. ఎడమ పక్కన రాశారు.

“అమ్మో, సూత్తే?”

“ఆ పక్క ఎవరూ చూడరోయ్” అన్నారు ఆయన. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఎక్కు. గాలి బాగుంది.”

మరుసటి ఏడు విజయదశమి దర్బారులో పందిరి లేదు, ఎండలోనే కూర్చున్నారు. ఎర్రగుడ్డ అట్టతో కొత్త పుస్తకం తెరిచారు. ఓడ లేదు గనక కుడి పుట మల్లెపువ్వులా ఉంది. నౌకాశాఖ చరిత్రలో ఇంత నిర్దోషమైన సంవత్సరం లేదని రాజావారు మెచ్చుకుని, జగ్గరాజు గారికి రెండు శాలువాలు కప్పారు.

ఆ పూటే, దక్షిణాన ఎక్కడో, బియ్యం వేసుకుని పోతున్న కేసరమ్మ మీద గాలి ఒక్కసారిగా తిరిగి, ఒక మోకు తెగింది. చిలకమ్మ తలెత్తి మొగుడి వైపు చూసింది. ఎల్లాజీ చుక్కాని ఆమె చేతికిచ్చి, పైకెక్కి, కొత్త మోకు కట్టాడు.